డాక్టర్ సలహా: సంక్రాంతికి కొర్రల పులిహోర చేస్తే ఎంతైనా తినొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.8 వచ్చింది. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ టాబ్లెట్లు వాడుతున్నా. మా ఆయనకి బీపీ. పండక్కి పిల్లలు, ఆడపడుచు వాళ్లు కలిసి పదిహేను మందిమి అవుతాం. గారెలు, పరమాన్నం ఎలాగూ తప్పవు, పక్కన కూరలూ పులిహోరా అయినా తేలిగ్గా చేద్దామనుకుంటున్నా. చిరుధాన్యాలైతే ఎంతైనా తినొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: ఎంతైనా తినకూడదమ్మా. కొర్రలైనా సామలైనా అవీ పిండి పదార్థమే, పాలిష్ పట్టనివైతే పీచు ఎక్కువ ఉంటుంది కాబట్టి తెల్లన్నం కంటే షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఏంటంటే మామూలు పులిహోర, అన్నం ఎప్పటిలాగే తినేసి, మిల్లెట్ కదా ఏం కాదులే అని కొర్రల పులిహోర కూడా పైన వడ్డించుకుంటారు. మీరు కొర్రలతో చేస్తే ఆ రోజు బియ్యం పులిహోర వండకండి. కొర్రలు రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసి వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టాకే చింతపండు గుజ్జు కలపండి, వేడి మీద కలిపితే ముద్దయిపోతుంది. పోపుకి గ్లాసు కొర్రలకి మూడు టీస్పూన్ల నూనె చాలు, స్పూనుతో కొలిచే పొయ్యండి, ఒక్కో టీస్పూన్‌కి దాదాపు 45 కేలరీలు.

నిజానికి నాకు కొర్రల కంటే కూరల మీదే ఆశ ఎక్కువ. పండగ రోజుల్లో చిక్కుడు, గుమ్మడి, వంకాయ, ఆకుకూరలు అన్నీ తాజాగా దొరుకుతాయి కదా, అయినా మనం వేపుళ్ల మీదే పడతాం. చిక్కుడుకాయలు ఉడకబెట్టి పోపు వేసి, దించాక ఆవముద్ద కలపండి, ఆ ఘాటుకి ఉప్పు తక్కువైనా తెలీదు, మీ ఆయనకి అదే మేలు, అప్పడాలూ ఊరగాయలూ మాత్రం ఆయన విస్తరికి దూరంగా పెట్టండి. వంకాయ నూనె తెగ పీలుస్తుంది, కాల్చి పెరుగుపచ్చడి చెయ్యండి. గుమ్మడికాయ దానంతటదే తియ్యగా ఉంటుంది, బెల్లం మానేసి పెసరపప్పు వేసి వండండి. రాయలసీమ వైపు వాళ్లయితే నువ్వులద్దిన సజ్జరొట్టె ఉండనే ఉంది, అన్నం బదులు ఒకటి తినండి.

విస్తట్లో సగం కూరలే ఉండాలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలనే చెప్తుంది. ముందు కూరా పప్పూ కొంచెం తిని, తర్వాత పులిహోర తినండి, షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. గారె ఒకటి, పరమాన్నం రెండు స్పూన్లు, అది తినండి, పండగ పూట నోరు కట్టేసుకోమని నేను చెప్పను.

మీరు అడగలేదు గానీ నాకు భయం వేసేది ఇంకొకటుంది. నైవేద్యం అయ్యేదాకా ఏమీ తినకుండా మధ్యాహ్నం రెండింటి దాకా పొయ్యి దగ్గరే ఉంటారు కదా, గ్లిమిపిరైడ్ వేసుకుని అలా ఉంటే షుగర్ బాగా పడిపోతుంది. ఆ రోజు పొద్దున్న ఏదో ఒకటి తినండి, ఉపవాసం తప్పదంటే టాబ్లెట్ ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్‌ని పండక్కి ముందే అడగండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మీటర్‌తో చూసుకోండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండమ్మా.