పాత వీడియో గేమ్‌లు మళ్ళీ ఆడి నేను వేసిన మార్కులు

చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్‌లు పెద్దయ్యాక మళ్ళీ ఆడితే నిజంగా బాగుంటాయా, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని అడిగారు కదా. నేను ఏడాదిన్నరగా ఇదే పనిలో ఉన్నా, ఒక లాంగ్‌నోట్‌బుక్ పెట్టుకుని ఆట ఆటకీ రాసుకుంటూ, అందుకని జవాబు కొంచెం పెద్దదే అవుతుంది. ముందే ఒక మాట చెప్పేస్తా. మార్కులు వేసే ముందు ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అప్పుడు ఆడిన ఆటేనా కాదా అని చూసుకోండి. నేను చూసుకోకుండా సూపర్ మారియో అనే గెంతే ఆటకి 6 వేసేశా, తర్వాత కొట్టేసి మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది.

మాది ఒడిశాలో బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ. నాన్న పట్టుచీరలు నేసేవారు. 1997లో మావయ్య వైజాగ్ నుంచి ఒక వీడియో గేమ్ తెచ్చి ఇచ్చాడు, కంపెనీ పేరు లేని పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, పసుప్పచ్చ క్యాసెట్. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసుండేది కానీ లోపల పట్టుమని ఇరవై కూడా లేవు, అవే ఆటలు వేరే పేరుతో వేరే స్టేజి నుంచి మొదలయ్యేవి. అది 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి నకలు అని నాకు కాలేజీకి వెళ్ళాక గానీ తెలీదు. పక్కింటి ఒడియా కుర్రాడు రోజూ వచ్చేసేవాడు, మారియో గోతిలో పడితే చాలు "మరిగలా, మరిగలా, మో పాళి!" అని అరిచేవాడు, మరిగలా అంటే చచ్చిపోయాడని, మో పాళి అంటే నా వంతని. ఇప్పటికీ మారియో పడితే నా నోట్లోంచి అదే మాట వస్తుంది, వైజాగ్‌లో మా ఆవిడకి అది అర్థం కాదు.

ఉద్యోగం వైజాగ్‌లో, రెండేళ్ళ కింద నింటెండో స్విచ్ అనే గేమ్ పెట్టె కొన్నా, అందులో పాత నింటెండో ఆటలు ఉంటాయి కదా, మొదటి రాత్రే మారియో పెట్టా. ఒకటో స్టేజి దాటడానికే మూడు లైఫులు పోయాయి. గెంతు ఎప్పుడు నొక్కాలో వేలికి తెలుసు, కానీ నొక్కేటప్పటికి గొయ్యి దాటిపోతోంది, అంతా తొందర తొందరగా ఉంది. వయసు వచ్చేసింది, చెయ్యి పనికిరాదు అనుకుని బాధపడి 6 రాసేశా. తర్వాత ఆదివారం తమ్ముడు సూరత్ నుంచి ఫోన్ చేశాడు (మా గంజాం జిల్లా వాళ్ళు సూరత్ మగ్గాల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలిసే ఉంటుంది, వాడూ అక్కడే). స్పీకర్ పెట్టి ఆడుతూ మాట్లాడుతుంటే వాడు మధ్యలో ఆపి "అన్నయ్యా, ఆ పాటేటి అలా పరిగెడతంది?" అన్నాడు. నేను గమనించలేదు. వాడికి బొమ్మ కనపడదు, చెవి ఒక్కటే, అందుకని వాడికే తెలిసింది.

సంగతేంటంటే మన దేశంలో పాత డబ్బా టీవీలది పాల్ పద్ధతి, సెకనుకి 50 బొమ్మలు. జపాన్, అమెరికాలో 60. ఆ కాలం ఆటలు కాలాన్ని గడియారంతో కాదు, బొమ్మలతోనే లెక్కపెట్టేవి, అంటే మారియో ఒక్కో అడుగు ఎన్ని బొమ్మలకి అన్నట్టు. మా నకలు పెట్టె మన టీవీ కోసం తయారైంది కాబట్టి 50తో నడిచేది, మేం పెరిగిందంతా నెమ్మదిగా నడిచిన మారియోతో. స్విచ్‌లో ఉన్నది 60ది, అంటే మేం ఆడినదానికంటే ఐదోవంతు జోరు. పాటకి శ్రుతి దాదాపు అదే, తాళమే పెరిగింది.

ఊరికే నమ్మలేదు, కొలిచి చూశా. పోయిన ఠాకురాణి యాత్రకి ఇంటికెళ్ళినప్పుడు (మా బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది, ఎక్కడున్నోళ్ళయినా వచ్చేస్తారు, తమ్ముడూ వచ్చాడు) అటక మీంచి పెట్టె దింపి, పర్లాకిమిడిలో మా పెద్దమ్మ ఇంట్లో డబ్బా టీవీ ఇంకా ఉందని బస్సులో అక్కడికి పట్టుకెళ్ళాం. మారియోని మొదటి స్టేజిలో కదపకుండా నిలబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కా. పైన టైం 400 నుంచి తగ్గుతుంది కదా, అంకె ఒకటి తగ్గడానికి 24 బొమ్మలు పడతాయి, మొత్తం 9600. సెకనుకి 60 అయితే 160 సెకన్లు, 50 అయితే 192. స్విచ్‌లో 2 నిమిషాల 40 సెకన్లు వచ్చింది, పెద్దమ్మ ఇంట్లో 3 నిమిషాల 12. నా చేతికి ఏమీ కాలేదు, అది వేరే ఆట. పెద్దమ్మ వచ్చి "ఆడకుండా అలా చూస్తారేట్రా" అని అడిగింది, చెప్తే చాలా శ్రద్ధగా విని ఇంకోసారి కొలవమంది.

ఇంకో దొంగ ఎల్‌ఈడీ టీవీ. బొమ్మని సాపు చేసి చూపించడానికి అది కొంచెం టైం తీసుకుంటుంది, సినిమాకి తెలీదు, మారియో గెంతుకి తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే పెట్టుకోండి. అది పెట్టకుండా "పాత ఆటల కంట్రోల్స్ చెత్త" అని రాసేవాళ్ళని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది, ఆ ఆట చేసినవాళ్ళ తప్పు కాదు కదా అది. ఇంక స్విచ్‌లో ఉండే రివైండ్, సేవ్ జోలికి నేను పోను. గోతిలో పడి వెనక్కి తిప్పుకుని మళ్ళీ గెంతితే మీరు మార్కులు వేసేది ఇంకో ఆటకి, ఆ గొయ్యి అంత వెడల్పు ఎందుకు పెట్టారో మీకు ఎప్పటికీ తెలీదు.

ఇలా సరిచేసుకున్నాక మారియో మళ్ళీ మొదలుపెట్టా, ఈసారి దొంగదారులు లేకుండా. చిన్నప్పుడు 1-2లో (అంటే ఒకటో లోకం, రెండో స్టేజి) పైకెక్కి నాలుగో లోకానికి, 4-2 నుంచి ఎనిమిదికి గెంతేసేవాళ్ళం, అంటే 5, 6, 7 లోకాలు నేను చూడనేలేదు. 39 ఏళ్ళకి మొదటిసారి చూశా. 5-3కి వచ్చాక ఇది ఎక్కడో చూశానే అనిపించింది, చూస్తే అది 1-3యే, ఫిరంగి గుండ్లు ఎగిరొస్తాయి, పలకలు చిన్నవయ్యాయి, అంతే. 5-4 అంటే 2-4, 7-2 అంటే 2-2. ఆట మొత్తం 40 కిలోబైట్లు, ఇప్పుడు ఫోన్‌లో ఒక ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, మబ్బులకీ పొదలకీ ఒకటే బొమ్మ వాడి రంగు మార్చారు, ఆ చోటులో 32 స్టేజీలు పట్టించారంటే నాకు మా నాన్న మిగిలిన జరీని అంచులో సర్దడమే గుర్తొస్తుంది. అయినా 1985లో వచ్చిన ఆట, మియామోటో అనే పేరున్నాయన చేసిన ఆట, అని జాలిపడి మార్కులు వెయ్యలేదు. రిపీట్ స్టేజీలకి అరమార్కు తీసేశా, 7-4లోనూ 8-4లోనూ ఏ దారో చెప్పకుండా తిప్పితిప్పి చంపేదానికి ఇంకో అర. గెంతు గాల్లో ఉండగా కూడా మన వేలి మాట వింటుంది చూడండి, అది ఇప్పటికీ గొప్ప. 9.

నా పుస్తకంలో పదికి పది ఒక్కదానికే ఉంది, బ్యాటిల్ సిటీ. మనకి ట్యాంక్ గేమ్. నామ్కో వాళ్ళది, 1985. కింద మనం కాపాడాల్సిన గద్ద బొమ్మ, చుట్టూ ఇటుకలు, పైనుంచి మూడు చోట్ల శత్రువులు దిగుతారు, స్టేజికి 20 ట్యాంకులు, స్టేజీలు 35. దీంట్లో మన స్టేజీ మనమే కట్టుకోవచ్చు, కానీ పెట్టె ఆపేస్తే పోతుంది, దాచుకునే వీలు లేదు. 1999 అక్టోబర్‌లో మాకు తుఫాను వచ్చింది, అందరికీ గుర్తుండే సూపర్ సైక్లోన్ 29నాటిది, మాది దానికి పన్నెండు రోజుల ముందు, 17న గోపాల్‌పూర్ దగ్గర. రోజుల తరబడి కరెంటు లేదు. నేనూ తమ్ముడూ లెక్కల కాపీలో 13 గళ్ళు అడ్డం 13 గళ్ళు నిలువు గీసి (ఆ ఆట నేల సరిగ్గా అంతే) స్టేజీలు వేసుకున్నాం, ఇటుకకి అడ్డగీతలు, ఇనుముకి నిండా పెన్సిల్, నీళ్ళకి అలలు. కరెంటొచ్చాక ఒక్కొక్కటీ ఎక్కించి ఆడాం, చాలావాటిలో గద్ద అర నిమిషంలో పోయింది. ఆ కాపీ ఇంకా ఉంది. పెద్దమ్మ ఇంట్లో దాన్లోంచి పదకొండు స్టేజీలు ఎక్కించాం, ఇద్దరం ఒక రాత్రంతా. చిన్నప్పుడు ఇద్దరమూ పైకి పరిగెత్తేవాళ్ళం, ఇప్పుడు ఏమీ అనుకోకుండానే వాడు పైకి, నేను గద్ద దగ్గర, పార కనపడితే వాడు వదిలేస్తాడు నేను తీసుకుంటా, ఎందుకంటే దాంతో గద్ద చుట్టూ ఇటుకలు కాసేపు ఇనుమైపోతాయి. ఒకళ్ళ గుండు ఇంకొకళ్ళకి తగిలితే చావరు, కాసేపు కదల్లేరు, ఈ చిన్న రూలు వల్లే గుడ్డిగా కాల్చకుండా ఎదుటివాడు ఎక్కడున్నాడో చూసుకుంటాం. ఇంత తక్కువ వస్తువులతో ఇంత ఆలోచన పెట్టిన ఆట నేను ఇంకోటి ఆడలేదు.

తుపాకులతో కాల్చుకుంటూ పోయే కాంట్రా ఒక్కడినే ఆడితే 7, ఇద్దరమైతే 9, దీన్ని కలిపి ఒక అంకె చెయ్యడం నాకు ఇష్టం లేదు. మూడో స్టేజి జలపాతం, పైకి ఎక్కాలి, ఒకడు తొందరపడితే తెర పైకి జరిగి కిందవాడు చచ్చిపోతాడు, మా ఇంట్లో కొట్లాటలన్నీ అక్కడివే. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ, రిమోట్ మీద ఇలా వరసగా నొక్కితే 30 లైఫులు, వైజాగ్ మావయ్య కొడుకు చెప్పాడు మాకు. అది మొదట కాంట్రాది కాదు, కోనామీ కంపెనీలో హషిమోటో కజుహిసా అనే ఆయన 1986లో గ్రాడియస్ అనే ఆటని ఫామికామ్‌కి మారుస్తున్నప్పుడు ఆట మరీ కష్టంగా ఉండి తను పరీక్షించుకోలేక పెట్టుకున్నది. ఆయన 2020లో పోయారు. ఈసారి మూడేసి లైఫులతోనే ఆడాం, ఐదో స్టేజి దాటలేదు, అయినా మార్కు తగ్గించలేదు, ఎందుకంటే చచ్చిన ప్రతిసారీ తప్పు మాదే అని ఒప్పుకోవాల్సొచ్చింది.

మిగతావి తొందరగా. ఐస్ క్లైంబర్ 4, నిలువునా ఎంతైనా ఎగురుతాడు కానీ పక్కకి జానెడు జరగడు, చిన్నప్పుడు ఇది నా చేతగానితనం అనుకున్నా, కాదు, గెంతే అలా చేశారు. ఎక్సైట్‌బైక్ 8, టర్బో ఎక్కువ నొక్కితే ఇంజన్ వేడెక్కిపోయే లెక్క ఇప్పటికీ ముచ్చటే. రోడ్ ఫైటర్ 6, పెట్రోల్ కోసం ఆత్రం ఒక గంట బాగుంటుంది. బాంబర్‌మ్యాన్‌కి 50 స్టేజీలు ఉన్నాయి, పదిహేను ఉంటే 8 వేసేవాణ్ణి, 6.

ఇదంతా చిన్నతనం మీద ప్రేమే కదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది, అందుకని ఆ పెట్టె కాలందే కానీ చిన్నప్పుడు నేను అసలు చూడని ఆట ఒకటి తీసుకున్నా, మెగా మ్యాన్ 2, క్యాప్‌కామ్, 1988. ఎనిమిది మంది రోబోలు, ఎవరితో ముందు కొట్లాడాలో మన ఇష్టం, ఓడిస్తే వాళ్ళ ఆయుధం మనది, అది ఇంకొకడికి విరుగుడు. దాంట్లో నాకు ఏ జ్ఞాపకమూ లేదు, ఏ అరుపూ వినపడలేదు, మూడు వారాలు రాత్రి పదింటికి కూర్చుని పూర్తిచేశా. 9. మారియోతో సమానం. దాంతో నా మిగతా మార్కుల మీద నాకు నమ్మకం కుదిరింది.

తుపాకీతో బాతుల్ని కాల్చే డక్ హంట్‌కి మాత్రం ఇంకా గడి ఖాళీగానే ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది, తుపాకీ మూతిలో ఉన్న కన్ను ఆ వెలుగుని చూస్తే తగిలినట్టు, చూడకపోతే ఆటలో ఉన్న కుక్క నవ్వుతుంది. ఎల్‌ఈడీలో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి కన్ను ఎప్పుడూ చీకటినే చూస్తుంది, ఎంత గురిపెట్టినా తగలదు. డబ్బా టీవీ దొరికింది కానీ మా తుపాకీ వైరు అటక మీద ఎలుకలు కొరికేశాయి. పెద్దమ్మ ఆ టీవీని ఎవరికీ ఇవ్వనని మాటిచ్చింది, బరంపురంలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర వైరు అతికించడానికి ఇచ్చా, దసరాకి పర్లాకిమిడి వెళ్తున్నాం. మార్కు ఆ తర్వాత ఇక్కడే రాస్తా.