నటుడి చేతిలో స్క్రిప్టు

తమ్ముడూ,

సీరియల్లో నటిస్తూనే స్క్రిప్టు రాశావు, హీరో వేషం నీకే పెట్టుకున్నావు. అందులో తప్పేం లేదు. జర్మనీలో ఫ్లోరియాన్ డేవిడ్ ఫిట్జ్ అనే నటుడు చేసిందీ అదే. ఆర్‌టీఎల్ ఛానల్లో 2008లో మొదలైన 'డాక్టర్స్ డైరీ'లో సర్జన్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆ సీరియల్ ముగియకముందే, 2010లో, తను రాసి హీరోగా నటించిన 'విన్సెంట్ విల్ మేర్' విడుదలైంది. డైరెక్షన్ మాత్రం రాల్ఫ్ హ్యూట్నర్‌కి వదిలేశాడు. 2011 జర్మన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు రెండూ దానికే.

ఆ సినిమాని ఒకసారి సౌండు తీసేసి చూడు. విన్సెంట్‌కి టూరెట్ సిండ్రోమ్. నోరు అదుపులో ఉండదు, బూతులు వచ్చేస్తాయి. తల్లి అస్థికలు మిఠాయి డబ్బాలో పెట్టుకుని ఇటలీ సముద్రానికి బయల్దేరతాడు. కారులో తిండి ముట్టని అమ్మాయి ఒకత్తి, మురికంటే హడలిపోయే కుర్రాడొకడు. ఈ ముగ్గుర్నీ ఎక్కడ ఆపినా సీను దానంతటదే పుడుతుంది, బాధని డైలాగులో చెప్పక్కర్లేదు. పైగా కారు వాళ్లకి చికిత్స చేసే డాక్టరమ్మది, చెప్పకుండా తెచ్చేశారు. కాబట్టి ఆవిడా, హీరో తండ్రీ కలిసి వెంటపడక తప్పదు. అలా పక్క పాత్రలకీ ఒక ప్రయాణం దొరికింది.

నీ స్క్రిప్టులో లేనిది ఇదే. హీరో పేజీన్నర మాట్లాడతాడు, మిగతావాళ్లు "అప్పుడేమైంది?" అంటారు. నటుడికి డైలాగే ముందు తడుతుంది, అక్కడే చిక్కు. జర్మన్లు ముందు ఎక్స్‌పోజే అని కొద్ది పేజీల్లో కథ చెప్పి, తర్వాత దాన్నే డైలాగుల్లేకుండా వివరంగా ట్రీట్‌మెంట్‌గా రాసి, ఆపైన డైలాగుల జోలికెళ్తారు. నువ్వూ వన్‌లైన్ ఆర్డర్ దగ్గరికి, అంటే సీనుకో లైను చొప్పున రాసుకునే వరస దగ్గరికి, వెనక్కెళ్లు.

తర్వాత హీరో డైలాగులన్నీ పెన్సిల్‌తో కొట్టేసి మిగిలింది చదువు. ఎదుటి మనిషికి ఏం కావాలో తెలియకపోతే ఆ సీను మళ్లీ రాయాలి. బ్రాకెట్లలో "కళ్లు చెమర్చి", "గొంతు పూడుకుపోయి" అని రాసినవన్నీ తీసెయ్. వాటి కింద మాట బలహీనంగా ఉందని అప్పుడే బయటపడుతుంది. పేజీకి ఒక నిమిషం లెక్కన నీ 148 పేజీలు రెండున్నర గంటలు. ఈ కథకి 110 చాలు.

నటులంతా కూర్చుని స్క్రిప్టు పైకి చదివే రీడింగ్‌లో నీ వేషం నువ్వు చదవకు. నీ గొంతు పేలవమైన లైన్ని కూడా గట్టెక్కించేస్తుంది. ఇంకో నటుడి చేత చదివించి, అతను ఎక్కడెక్కడ తడబడ్డాడో మార్జిన్‌లో గుర్తు పెట్టుకో.

ముందు ఆసుపత్రి సీను పట్టుకో. ఆ నర్సుకి ఏం కావాలో ఒక్క లైను రాసి పంపు.