ఆగి ఉన్న కమాండోలో ఆయిల్ ఎటు పోయింది?

మీ 1973 నార్టన్ కమాండో 850 బైక్ రెండు నెలలు కదలకుండా ఉంటే ఆయిల్ ట్యాంక్ ఖాళీ అయిందని, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ కమ్మేస్తోందని రాశారు. పిస్టన్ రింగులు పోయాయేమోనని టెన్షన్ పడకండి. ఆయిల్‌ను తిప్పే గేర్ పంపు సందుల్లోంచి ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి, దిగిపోయింది, అంతే.

ట్యాంక్‌లో కొత్త ఆయిల్ మాత్రం పోయకండి. ఇంజిన్ తిరగగానే కిందున్నది పైకొచ్చి పొంగిపోతుంది. కిక్ కొట్టే ముందే క్రాంక్‌కేస్ అడుగున ప్లగ్ విప్పి గిన్నెలోకి దించండి. శుభ్రంగా ఉంటే వడకట్టి మళ్లీ ట్యాంక్‌లో పోసుకోవచ్చు.

ట్యాంక్ నుంచి ఇంజిన్‌కు వచ్చే ఆయిల్ పైపుకు చేతితో తిప్పే ట్యాప్ పెట్టమని కొందరంటారు. నేనైతే వద్దంటాను: ఒక్కసారి తెరవడం మర్చిపోతే బేరింగులు మాడిపోతాయి. 1975 మార్క్ 3 మోడల్‌లో కంపెనీయే ఇంజిన్ పక్కనుండే టైమింగ్ కవర్‌లో, ఆగి ఉన్నప్పుడు ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ పెట్టింది, పాత కవర్లనూ అలా మార్చుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా పొగ ఆగకపోతే, అప్పుడు ఇంజిన్ హెడ్‌లోని వాల్వ్ గైడ్లు చూడండి.