బౌలింగ్ హాలు పెడతానన్న అల్లుడికి

ఒంగోలు
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. నెల్లూరు మినీ బైపాస్‌లో అద్దె స్థలం, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బాటలు, అదే లేన్లు, ఆరు, బ్యాంకు లోను, దానికి మీ అమ్మ పేరు మీదున్న పొలం తనఖా. రాతకోతలు బాగానే ఉన్నాయి. నాకు ఒక్కటే అర్థం కాలేదు. నీ లెక్కంతా శని, ఆదివారాల మీదే నడిచింది. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఎవరొస్తారు అబ్బయా?

కాలేజీ కుర్రాళ్లు అంటావు. నెల్లూరులో ఇంటర్ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలోనే ఉంటారు, వాళ్లని బయటికి వదిలేదే ఎప్పుడో ఒక ఆదివారం. చదువైపోయిన వాళ్లు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోయి సంక్రాంతికి వస్తారు. ఆ నాలుగు రోజులూ నీ హాలు కిటకిటలాడుతుంది, కాదనను. ఇక డబ్బున్న వాళ్లంటే రొయ్యల చెరువుల వాళ్లు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు వాళ్ల మొహాలు ఎట్టా వాడిపోయాయో నువ్వే చూశావు. రేటు పడిపోతే ముందు ఆపేది ఇట్టాంటి సరదాలే.

నేను 1996లో ఇక్కడ వీడియో గేముల షాపు పెట్టిన సంగతి నీకు తెలుసుగానీ ఎందుకు మూసేశానో మీ అత్త నీకు సరిగ్గా చెప్పి ఉండదు. మద్రాసు నుంచి ఆరు పాత మిషన్లు తెచ్చాను. మొదటి వేసవి సెలవుల్లో జాతరే. తల్లులు చీపురు పట్టుకుని వచ్చి పిల్లల్ని లాక్కుపోయేవాళ్లు. దసరా దాటాక కారు గేము మిషన్ స్టీరింగ్ ఊడింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మెకానిక్‌ని పినాకిని రైల్లో పంపిస్తామన్నారు. శనివారం చెడితే మంగళవారం దిగాడు. చార్జీ, లాడ్జి, రెండు పూటలా బిర్యానీ అన్నీ నా నెత్తిన. ఆ మూడు రోజులూ మిషన్ మీద ‘రిపేరు’ అని కాగితం అంటించి కూర్చున్నాను. ఆ కాగితాన్ని రెండుసార్లు చూసిన పిల్లాడు మూడోసారి రాలేదు.

బౌలింగ్‌లో ఆ కాగితం ఇంకా ఖరీదు. జనానికి కనపడేది బంతీ, పది పిన్నులే. వెనక గోడ చాటున ఉన్న మిషన్ నిలబడిన పిన్నుల్ని ఎత్తి, పడినవాటిని ఊడ్చి, ఎత్తినవాటిని మళ్లీ దించాలి, బంతిని కిందనుంచి వెనక్కి పంపాలి. బెల్టులు, గేర్లు, మోటార్లు. ఒక పిన్ను అడ్డంగా ఇరుక్కుంటే ఆ లేను ఆగినట్టే. అందుకే తాడు కట్టిన పిన్నుల మిషన్ చూడమంటున్నాను. ప్రతి పిన్ను తలకీ ఒక తాడు ఉంటుంది, కొయ్యబొమ్మల్ని లేపినట్టు పైకి లాగి మళ్లీ దింపుతుంది. కరెంటు తక్కువ తాగుతుంది, చెడేవి తక్కువ. పిన్ను పడే తీరు కాస్త తేడాగా ఉంటుందని పాతకాపులు ముక్కు విరుస్తారు. 2023లో అమెరికాలో ఆ ఆటను చూసుకునే సంఘమే దాన్ని వేరే తరగతిగా గుర్తించింది. మన ట్రంక్ రోడ్డు జనానికి ఆ తేడా పట్టదు. ఏ మిషనైనా సరే, రిపేరు తెలిసిన కుర్రాడు నెల్లూరులోనే ఉండాలి. మన ఐటీఐ పిల్లాడినొకణ్ణి మిషన్ బిగించేటప్పుడే పక్కన నిలబెట్టు.

స్థలం పొడవు 70 అడుగులు చాలని రాశావు. అక్కడ తప్పు చేశావు. 60 అడుగులు అనేది ఫౌల్ గీత, అంటే బంతి విసిరేవాడు దాటకూడని గీత, నుంచి మొదటి పిన్ను దాకా మాత్రమే. బంతి విసరడానికి నడిచొచ్చే జాగా మరో 15 అడుగులు. పిన్నులు, మిషన్, దాని వెనక మనిషి తిరిగే సందు, ముందు కూర్చునే సోఫాలు అన్నీ కలిపితే 100 అడుగుల దగ్గరికి వెళ్తుంది. మేడ మీద హాలు వద్దు, ఏడు కిలోల బంతి దడేల్మంటే కింద బట్టల షాపువాడు వారంలో నీ మీద కేసు పెడతాడు. నన్నడిగితే ఊరి చివర పాత బియ్యం గోడౌన్ చూడు.

ఇప్పుడు డబ్బు. నలుగురు కలిసి ఒక ఆట ఆడితే దాదాపు గంట. నువ్వు ఆరన్నావు గానీ నాలుగు లేన్లే అనుకుందాం, సాయంత్రం అయిదు నుంచి పది దాకా అన్నీ నిండినా 80 మంది. తలకి 200 వేసుకో, 16 వేలు. ఇది నిండిన రోజు మాట. మంగళవారం పావు వంతు నిండితే 4 వేలు. అందులో ఏసీ, జనరేటర్, జీతాలు, అద్దె, లోను వాయిదా. సముద్రం గాలి తగిలే ఊరు మనది, ఉక్కపోతకి లేన్ల చెక్క ఉబ్బుతుంది, ఏసీ ఆపి పొదుపు చేద్దామనుకోకు. మిగిలేదేమైనా ఉంటే అది తిండి కౌంటర్లో మిగలాలి. చేపల ఫ్రై, చికెన్ పకోడీ, నిమ్మ సోడా పెట్టు, జనం ఓడిపోయినా తింటారు. సాక్సులు కూడా అమ్ము. మనవాళ్లంతా చెప్పులతో వస్తారు, బూట్లు అద్దెకిచ్చేటప్పుడు సాక్సులు లేకపోతే ఆ కంపు నువ్వే భరించాలి. బంతుల్లో ఆరు, ఎనిమిది పౌండ్ల తేలికవి ఎక్కువ కొను. వచ్చేది ఆడవాళ్లూ పిల్లలూ.

ఒక్కదాంట్లో మాత్రం మొహమాటం పెట్టుకోకు. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా పోయారు, అందులో పిల్లలున్నారు. అగ్నిమాపక శాఖ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా తలుపు తియ్యొద్దు. ‘తర్వాత చూసుకుందాం సార్’ అనే బ్రోకర్‌ని గుమ్మం ఎక్కనివ్వకు.

ఆరు లేన్లకి నేను ఒప్పుకోను. నాలుగు కూడా కష్టమే. రెండు లేన్లు, పక్కన షటిల్ కోర్టు, తిండి కౌంటర్ అంటే నేనూ రెండు లక్షలు వేస్తాను. పొలం జోలికి మాత్రం వెళ్లకు, అక్కయ్యకి చెప్పేశాను.

వచ్చే మంగళవారం పినాకిని ఎక్కుతున్నాను. నువ్వు నెల్లూరులో ఎక్కు. చెన్నైలో ఏదైనా బౌలింగ్ సెంటర్‌లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక మూల కూర్చుని వచ్చిన తలలు లెక్కపెడదాం. గంటగంటకీ రాసుకోవడానికి ఒక నోటుబుక్కు తెచ్చుకో. టిఫిన్ మీ అత్త కట్టిస్తుంది.

మీ మావయ్య