ప్రీడయాబెటిస్‌లో నీరసం: మైటోకాండ్రియా మాత్రలు వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. నాన్నగారికి, అన్నయ్యకు షుగర్ ఉంది. ఇటీవలి పరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లంతా నీరసంగా ఉంటోంది. రాత్రి గురక బాగా పెడుతున్నానని ఇంట్లో అంటున్నారు. మైటోకాండ్రియా బలహీనపడటమే షుగర్‌కు మూలమని చెప్పి, డాలస్‌లో ఉండే మా మేనల్లుడు కోఎంజైమ్ క్యూ10, డీహెచ్‌ఈఏ మాత్రలు తెచ్చిచ్చాడు. వాడవచ్చా?

జవాబు: గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే దాన్ని ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ అంటాం. మీరు ఆ దశలో ఉన్నారు. మీ మేనల్లుడు చెప్పిన మాట పూర్తిగా నిరాధారమైనది కాదు. ఆహారంలోని గ్లూకోజ్‌ను, కొవ్వును ఆక్సిజన్ సాయంతో కణానికి పనికొచ్చే శక్తిగా మార్చేవి కణాల్లోని చిన్న భాగాలైన మైటోకాండ్రియాలే. తల్లిదండ్రుల్లో షుగర్ ఉండి, తమకు ఇన్సులిన్ సరిగా పనిచేయని యువకుల కండరాల్లో ఈ శక్తి ఉత్పత్తి సుమారు 30 శాతం తక్కువగా ఉందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో చూపారు. అప్పటినుంచి మైటోకాండ్రియా లోపమే ఇన్సులిన్ నిరోధకతకు (ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి) కారణమన్న అభిప్రాయం బాగా వ్యాపించింది.

అయితే భారతీయుల విషయంలో ఆ లెక్క కుదరలేదు. మినెసోటాలోని మేయో క్లినిక్‌లో దశాబ్దాలుగా కండరాల జీవక్రియలపై పనిచేసిన డాక్టర్ కె. శ్రీకుమారన్ నాయర్ బృందం, అమెరికాలో ఉంటున్న 13 మంది షుగర్ ఉన్న భారతీయులను, 13 మంది షుగర్ లేని భారతీయులను, ఉత్తర ఐరోపా మూలాలున్న 13 మంది అమెరికన్లను పోల్చి 2008లో ఫలితాలు ప్రచురించింది. షుగర్ ఉన్నా లేకున్నా మనవాళ్లలో ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా కనిపించింది. కానీ వారి కండరాల మైటోకాండ్రియాకు శక్తిని తయారుచేసే సామర్థ్యం ఐరోపా మూలాలవారి కంటే తక్కువగా లేదు సరికదా, ఎక్కువగానే ఉంది. ఇది చిన్న అధ్యయనమే అయినా, మైటోకాండ్రియా బాగా పనిచేస్తున్నప్పటికీ ఇన్సులిన్ నిరోధకత రావచ్చని స్పష్టంగా చూపింది. మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరి సమాధానం ఇదేనని నా అభిప్రాయం.

వంశపారంపర్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మైటోకాండ్రియాకు సొంతంగా ఉండే డీఎన్‌ఏ తల్లి నుంచే సంక్రమిస్తుంది. ఆ డీఎన్‌ఏలో లోపం వల్ల వచ్చే అరుదైన షుగర్ తల్లివైపు కుటుంబంలో, తరచుగా వినికిడి లోపంతో కలిసి కనిపిస్తుంది. మీ ఇంట్లో షుగర్ తండ్రివైపు నుంచి కనిపిస్తోంది కాబట్టి దాన్ని అనుమానించాల్సిన పని లేదు. అమ్మగారి వైపు చిన్న వయసులోనే షుగర్, చెవుడు రెండూ ఉన్నవారుంటే మాత్రం మీ వైద్యుడికి తప్పక చెప్పండి.

ఇక మాత్రల సంగతి. డీహెచ్‌ఈఏ విటమిన్ కాదు, హార్మోన్. దాన్ని వయసు పైబడినవారికి రెండేళ్లపాటు ఇచ్చి పరీక్షించింది కూడా నాయర్ బృందమే. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కండబలంలో గానీ, ఇన్సులిన్ పనితీరులో గానీ, జీవన నాణ్యతలో గానీ చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. దయచేసి దాన్ని వాడకండి. ముఖ్యంగా ప్రోస్టేట్ సమస్య ఉంటే అసలు ముట్టుకోవద్దు. మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 పుట్టుకతోనే లోపించిన అరుదైన రోగులకు అది నిజంగా అవసరమైన మందు, మీ నీరసానికి మాత్రం కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారిలో ఆ మందు ప్రభావాన్ని తగ్గించే అవకాశం కూడా ఉంది.

మైటోకాండ్రియా సామర్థ్యాన్ని, ఇన్సులిన్ పనితీరును రెండింటినీ పెంచుతుందని గట్టిగా రుజువైనది వ్యాయామం. ఇదే బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాలపాటు తీవ్రస్థాయి విరామ వ్యాయామం (కాసేపు తీవ్రంగా చేసి, మధ్యలో కాస్త తేలిగ్గా చేసే వ్యాయామం) చేసిన యువకుల కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం 49 శాతం, 65 ఏళ్లు దాటినవారిలో 69 శాతం పెరిగింది. పెద్దవారిలోనే పెరుగుదల ఎక్కువగా ఉండటం నాకు ఎంతో ఆశ కలిగించే విషయం. కానీ ఇది చదివి రేపటి నుంచే పరుగు మొదలుపెట్టకండి. మీ వయసులో, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నవారు ముందుగా బీపీ, ఈసీజీ చూపించుకుని, వైద్యుడు చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఆ తర్వాత వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలతో ఆరంభించండి. రాత్రి పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి జీవనశైలి మార్పులతోనే ప్రీడయాబెటిస్ షుగర్‌గా మారే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది.

6.1 స్థాయికే ఇంత నీరసం రావడం మామూలు కాదు కాబట్టి వేరే కారణం వెతకాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోండి. గురక, పగటి నీరసం కలిసి ఉంటే నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ అప్నియా ఉండవచ్చు. అది ఇన్సులిన్ నిరోధకతను కూడా పెంచుతుంది. అందుకే మీ విషయంలో నిద్ర పరీక్షను వాయిదా వేయకుండా పల్మనాలజిస్టును గానీ, ఈఎన్‌టీ వైద్యుణ్ని గానీ ఈ నెలలోనే కలవండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోండి.