బర్మాలో పోయిన ముత్తాతగారి సమాధి ఎక్కడుందో తెలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ శాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) చేరి బర్మా వెళ్ళి తిరిగి రాలేదట. ఇంట్లో ఒక మెడల్ తప్ప ఇంకేం లేదు. పోయిన తేదీ తెలీక మహాలయ అమావాస్య నాడే తద్దినం పెడుతున్నారు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో కనుక్కోవచ్చా అండీ? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కనుక్కోవచ్చండీ, కాకపోతే సమాధి ఒక్కటే వెతికితే ఏమీ దొరకలేదని డీలా పడిపోతారు, ఎందుకంటే హిందూ సైనికుల్ని వీలైనచోట దహనం చేసేసేవాళ్ళు, అడవుల్లో పోయిన చాలామందికి అదీ జరగలేదు. అలాంటివాళ్ళ పేర్లు స్మారకాల మీద చెక్కారు. యాంగోన్‌కి (పాత పేరు రంగూన్) ఉత్తరంగా 35 కిలోమీటర్ల దూరంలో టాక్యాన్ వార్ సెమెటరీ ఉంది, అందులో రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద సమాధి లేని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి, ఎక్కువమంది భారత సైన్యం వాళ్ళే. దహనం చేసినవాళ్ళకి అక్కడే వేరే స్మారకం, దాంట్లో వెయ్యిమందికి పైనే.

ఈ రికార్డులన్నీ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గరుంటాయి, యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకోడానికి 1917లో పెట్టిన సంస్థ, సైట్‌లో వెతకడానికి పైసా కట్టక్కర్లేదు. అసలు తిప్పలు పేరుతోనే! ఇంటిపేరు చాలాసార్లు ఉండదు, ఉన్న ఒక్క పేరూ సైన్యంలో పేర్లు రాసుకునే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు, వెంకటస్వామి కాస్తా వెంకటసామి అయిపోయుంటాడు. అందుకని ముందు ఆ మెడల్ అంచూ వెనకవైపూ భూతద్దం పెట్టి చూడండి, సర్వీస్ నంబర్ చెక్కి ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇంకోటి, సైట్‌లో రెజిమెంట్ అన్నచోట మద్రాస్ శాపర్స్ అని కాకుండా ఇండియన్ ఇంజనీర్స్ అని ఉండొచ్చు. కొన్ని ఎంట్రీల్లో ఫలానా వారి కొడుకు, ఫలానా వారి భర్త, ఊరు, జిల్లా కూడా రాసుంటాయి, మీ ముత్తాతగారో కాదో తేలేది అక్కడే. ‘ఫేస్’ అని పక్కన ఒక నంబర్ కనబడితే అది స్తంభం మీద పేరున్న వైపు, ఎప్పుడైనా యాంగోన్ వెళ్తే నేరుగా అక్కడికే పోవచ్చు.

సైట్‌లో అస్సలు దొరక్కపోతే బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ శాపర్స్‌కి ఇప్పటి పేరు) రికార్డ్ ఆఫీసుకి నంబర్, ఊరు, తండ్రి పేరు వేసి ఉత్తరం రాయండి. కాగితాలు చేతికొచ్చాక, పేరు వదిలేశారనిపిస్తే వాటి కాపీలతో కమిషన్‌కే అప్లై చేయొచ్చు, ఆధారాలు సరిపోతే చేరుస్తారు.

తద్దినం సంగతికొస్తే, రికార్డులో తేదీ ఉంటే ఆ ఏటి పంచాంగం చూపించి తిథి కట్టించుకోండి. ఒక్కోసారి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు లోపు అని మాత్రమే ఉంటుంది, గల్లంతైనవాళ్ళకి అలా రాశారు. అప్పుడేం చేయాలంటారా, యుద్ధంలో ఆయుధాల వల్ల పోయినవాళ్ళకి మహాలయ పక్షంలో చతుర్దశి నాడు పెట్టే ఆచారం ఉంది, అంటే ఇప్పుడు మీవాళ్ళు పెడుతున్నదానికి ఒక్క రోజు ముందు, మీ పురోహితుడి గారిని ఒకసారి అడగండి.