నడిసముద్రంలో ఎవరూ లేని దీవిని ఓడ గుద్దుకోవడమేంటి, జీపీఎస్ ఉందిగా?

రాడార్, జీపీఎస్ అన్నీ ఉన్న ఓడ ఖాళీ దీవి మీదికి ఎలా ఎక్కేస్తుందని అడిగారు. ధాన్యం, బొగ్గు లాంటి సరుకు గుట్టగా పోసి తీసుకెళ్ళే ఓడల్లో (బల్క్ క్యారియర్లు) సెకండ్ ఆఫీసరుగా బ్రెజిల్ సోయా రూట్లో తిరిగాను. ఆ దారిలోనే ఉన్న నైటింగేల్ దీవి సంగతి చెప్తాను.

దక్షిణ అట్లాంటిక్‌లో, కేప్‌టౌన్‌కు పడమరగా దాదాపు 2,800 కిలోమీటర్ల దూరంలో ట్రిస్టన్ డా కున్యా దీవులున్నాయి. పెద్ద దీవిలో రెండొందల పైచిలుకు జనం ఉంటారు. నైటింగేల్‌లో ఎవరూ కాపురం ఉండరు. ఒడ్డంతా నిటారు రాళ్ళే, లైట్‌హౌస్ లేదు. తిప్పలేమిటంటే, బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు నుంచి ఆఫ్రికా దక్షిణ కొస మీదుగా సింగపూర్ వెళ్ళే దగ్గరి దారి సరిగ్గా ఈ దీవుల పక్కనుంచే పోతుంది.

2011 మార్చి 16 తెల్లవారుజామున ఒలివా అనే ఓడ 65 వేల టన్నుల సోయాతో వచ్చి నేరుగా నైటింగేల్ రాళ్ళ మీదికెక్కింది. సిబ్బంది 22 మందీ బతికారు. రెండు రోజులకే ఓడ రెండు ముక్కలై, అందులోని ఇంధనం కడలిపాలైంది. వేల రాక్‌హాపర్ పెంగ్విన్లు ఆ జిడ్డులో తడిశాయి. కడిగి బతికిద్దామని 3,700 దాకా పట్టుకొచ్చారు గానీ చాలావరకు దక్కలేదు.

ఇంజిన్ చెడిపోయి కాదు. విచారణలో తేలిందేంటంటే, ఓడ వెళ్ళాల్సిన దారి (కోర్సు) గీసింది తెల్ల ప్లాటింగ్ షీటు మీద. దాంట్లో అక్షాంశ రేఖాంశాలే తప్ప దీవులుండవు, కాబట్టి జీపీఎస్ చెప్పిన చోటును దాని మీద గుర్తుపెట్టినా ముందు దీవి ఉందని తెలీదు. ఎదురుగా నేల ఉందన్న ధ్యాసే ఓడను నడిపే గదిలో (బ్రిడ్జి) ఎవరికీ లేదు. రాడార్‌లో పెద్ద మచ్చ కనిపిస్తే వాన మేఘమనుకున్నారు! రోజుల తరబడి ఇంకో ఓడ కూడా కనబడని చోట, నిద్ర చాలని మనిషికి అలా అనిపించడం నాకు వింతగా లేదు.

ఆ వైపు వెళ్ళినప్పుడు నేను రెండు రాడార్లూ పక్కపక్కన చూసేవాణ్ణి. వాన ఎక్స్ బ్యాండ్ (పొట్టి తరంగాల) రాడార్‌లో దట్టంగా, ఎస్ బ్యాండ్ (పొడుగు తరంగాల) రాడార్‌లో పలచగా కనిపిస్తుంది. రెండింట్లోనూ గట్టిగా, అంచులు తేలి కనిపిస్తే అది నేలే. అయినా డౌటొస్తే కెప్టెన్‌ను లేపడమే, తిడితే తిట్టనీ. ఇప్పుడు ఎలక్ట్రానిక్ చార్టులొచ్చాయి, కానీ బాగా జూమ్ అవుట్ చేస్తే ఇలాంటి బుల్లి దీవులు వాటిలోనూ కంటికి ఆనవు. కోర్సు మొత్తాన్నీ పెద్ద స్కేలులో జరుపుకుంటూ చూడాల్సిందే.

ఇప్పుడైతే ఈ దీవులకు 25 నాటికల్ మైళ్ళ దూరం పాటించమని ట్రిస్టన్ వాళ్ళు కోరుతున్నారు. చుట్టు తిరిగితే ఆయిల్ దండగ అనేవాళ్ళు ఒకసారి లెక్కేసి చూడండి: బ్రెజిల్ నుంచి ఆఫ్రికా దక్షిణ కొస దాకా మూడు వేల మైళ్ళు దాటిన దారిలో, మధ్యలో పాతిక మైళ్ళు పక్కకు జరిగితే పెరిగేది అర మైలు కూడా ఉండదు.